కుటుంబ వేదిక: కారు డిక్కీలో పట్టే అద్దె బండి



విదేశాలలో ఉన్న పిల్లలను చూచి రావడానికి వెళ్లే తల్లిదండ్రులు ఇప్పుడు ప్రతి ఊరిలోనూ ఉన్నారు. గుంటూరు, నెల్లూరు, ఖమ్మం, కరీంనగర్, ఏ పట్టణం తీసుకున్నా వీధికి ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. తిరిగి వచ్చిన తరువాత వారు బంధువులకు ఫోటోలు చూపిస్తారు. నయాగరా జలపాతం ముందు మనుమలు, వాషింగ్టన్‌లో పెద్ద తెల్లని కట్టడాల ముందు కొడుకు, కోడలు. ఆ ఫోటోలను కొంచెం జాగ్రత్తగా చూస్తే కొన్నింటిలో ఒకరు కనబడరు. "అమ్మగారు ఏరీ?" అని అడిగితే, "మోకాళ్ల నొప్పులు గదా, కారులోనే కూర్చున్నది" అని జవాబు వస్తుంది. పదిహేను వేల కిలోమీటర్లు విమానంలో వెళ్లిన మనిషి చివరి అర కిలోమీటరు వెళ్లలేక ఆగిపోయిందన్నమాట.

ఈ అర కిలోమీటరు గురించే ఈ మాసం మనం మాట్లాడుకుందాం. దానికి ఒక మార్గం ఉన్నది. అది కారు డిక్కీలో పట్టే చిన్న బ్యాటరీ బండి. కొననక్కరలేదు, అద్దెకు దొరుకుతుంది. అయితే దానిని ఎలా ఎన్నుకోవాలి, ఎవరికి తగును, ఎవరికి తగదు, ఏ జాగ్రత్తలు తీసుకోవాలి అన్న సంగతులు ముందుగా తెలిసియుండాలి. తెలియక తీసుకుంటే డబ్బు పోవడమే కాక పెద్దవారు పడిపోయే ప్రమాదం కూడా ఉన్నది.

ఏమిటీ బండి?

స్కూటరంటే మనకు గేర్లు మార్చి నడిపే బజాజ్ బండి గుర్తుకు వస్తుంది. మొబిలిటీ స్కూటర్ అది కాదు. మూడు లేక నాలుగు చిన్న చక్రాలు, పాదాలు పెట్టుకోవడానికి ఒక పలక, పైన తిరిగే కుర్చీ, ముందు ఒక హ్యాండిల్, సీటు క్రింద బ్యాటరీ, ఇంతే దాని నిర్మాణం. హ్యాండిల్ దగ్గర ఉన్న చిన్న మీటను వేలితో నొక్కితే కదులుతుంది, వదిలితే దానంతట అదే ఆగుతుంది. వేగం గంటకు ఆరేడు కిలోమీటర్లు, అనగా ఆరోగ్యవంతుడు చురుకుగా నడిచే నడక కన్న కొంచెం ఎక్కువ.

1968వ సంవత్సరంలో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఆలన్ థీమ్ అనే ప్లంబింగ్ కాంట్రాక్టరు, మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల వ్యాధితో నడవలేకపోతున్న తన ఇంటి మనిషి కొరకు ఇటువంటి బండిని తయారుచేసి దానికి 'అమిగో' అని పేరు పెట్టాడు. స్పానిష్ భాషలో ఆ మాటకు స్నేహితుడు అని అర్థం. ఇంగ్లండులో 1979లో మిల్టన్ కీన్స్ పట్టణంలో 'షాప్‌మొబిలిటీ' అనే ఏర్పాటు మొదలైంది. బజారుకు వచ్చిన వృద్ధులు, వికలాంగులు అక్కడ కుర్చీనో స్కూటరునో తీసుకొని, పని చూసుకొని, తిరిగి అప్పగించి వెళ్తారు. తరువాత ఆ దేశంలో అనేక పట్టణాలు ఆ పద్ధతిని అనుసరించాయి. కనుక నడవలేనివారు బండి అద్దెకు తీసుకోవడం అక్కడ కొత్తదీ కాదు, చిన్నతనమూ కాదు.

ఎవరికి తగును?

ఇంటిలో నాలుగడుగులు వేయగలరు, మెట్టు మీద చేయి పట్టుకొని ఎక్కగలరు, కాని రెండు వందల అడుగులు దాటితే మోకాళ్లు పట్టేస్తాయి, లేక ఆయాసం వస్తుంది. ఇటువంటి వారికి ఈ బండి చక్కగా సరిపోతుంది. కీళ్లవాతం, గుండె బలహీనత, ఊపిరితిత్తుల వ్యాధి, తుంటి ఎముక ఆపరేషను తరువాత నీరసం ఉన్నవారు ఈ కోవకు చెందుతారు.

అయితే నడిపేవారు వెన్ను నిలిపి కూర్చోగలగాలి. తమంతట తాము ఎక్కి దిగగలగాలి. రెండు చేతులలో పట్టు ఉండాలి. ఎదురుగా వచ్చేవారు కనబడాలి. వెనుకనుండి పిలిస్తే వినబడాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆపవలసిన చోట ఆపాలన్న ఆలోచన వెంటనే కలగాలి. మతిమరపు వ్యాధి ముదిరినవారికి, చూపు బాగా తగ్గినవారికి, చేతులు ఎక్కువగా వణికేవారికి, మందుల వలన పగలు కూడా మత్తుగా ఉండేవారికి ఈ బండి ఇవ్వరాదు. వారికి వెనుకనుండి ఒకరు తోసే చక్రాల కుర్చీయే క్షేమం. సందేహం ఉన్న యెడల మన ఊరి డాక్టరుగారినే ప్రయాణానికి ముందు అడగాలి. అక్కడికి వెళ్లిన తరువాత ఈ ఒక్క ప్రశ్న కొరకు డాక్టరును చూడాలంటే ఎంత ఖర్చో వెళ్లివచ్చినవారందరికీ తెలుసు.

కొనడమా, అద్దెకా?

సందర్శకులుగా వెళ్లే తల్లిదండ్రులకు అమెరికాలో సాధారణంగా ఆరు నెలల వరకు ఉండనిస్తారు. ఆ ఆరు నెలలలోను దూరంగా నడవవలసిన రోజులు లెక్కపెడితే ఇరవయ్యో ముప్పయ్యో ఉంటాయి. మిగిలిన రోజులు ఇల్లు, తోట, ఆదివారం ఆరాధన, పెద్ద దుకాణాలు. ఆ పెద్ద దుకాణాలలో అనేకం బుట్ట తగిలించిన బ్యాటరీ బండ్లను లోపల తిరగడానికి ఉచితంగానే ఉంచుతాయి. ఇక వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియములు ప్రవేశానికి డబ్బు తీసుకోవు, లోపల చేతితో తోసే చక్రాల కుర్చీలను ఉచితంగా వాడుకోనిస్తాయి. అయితే ఆ కుర్చీ ఆ కట్టడం వరకే. అక్కడి శాసనసభా భవనం నుండి లింకన్ స్మారక మందిరం వరకు దూరం సుమారు మూడు కిలోమీటర్లు. ఆ దూరానికి సొంతంగా వెంట తీసుకువెళ్లే బండి కావాలి.

"ఇన్సూరెన్సు ఉన్నది గదా, వాళ్లే ఇవ్వరా?" అని కొందరు అడుగుతారు. అమెరికా ప్రభుత్వపు మెడికేర్ పథకం ఇంటిలోపల తిరగడానికే అవసరమని డాక్టరు వ్రాసిచ్చినప్పుడు కొన్ని షరతులతో స్కూటరుకు డబ్బు ఇస్తుంది. సందర్శకులుగా వెళ్లిన తల్లిదండ్రులకు ఆ పథకం వర్తించదు. శాశ్వత నివాసం పొందిన పెద్దవారైనా, అక్కడ పని చేసిన చరిత్ర లేనప్పుడు, అందులో చేరడానికి ఐదేళ్లు నివసించి ఉండాలి. సందర్శకుల కొరకు అమ్మే ఆరోగ్య బీమా ప్రధానంగా హఠాత్తుగా వచ్చే జబ్బులకు, ప్రమాదాలకు ఉద్దేశించినది. కనుక అద్దె డబ్బు మన చేతినుండే పడుతుందని అనుకొని లెక్క వేసుకోవడం మంచిది.

అద్దె రోజుకు, వారానికి, నెలకు వేరువేరుగా ఉంటుంది. వారానికి తీసుకుంటే రోజు లెక్కకన్న బాగా తగ్గుతుంది. అందుచేత చూడదగిన స్థలాలన్నిటినీ ఒకే వారంలోనో రెండు వారాలలోనో పెట్టుకొని, ఆ దినాలకు మాత్రమే బండి తీసుకుంటే ఖర్చు చాలా కలిసివస్తుంది. ఎక్కువగా యాత్రికులు వచ్చే ఊళ్లలో అద్దె సంస్థలు బండిని హోటలుకే తెచ్చి ఇస్తాయి. అటువంటి చోట కారులో ఎక్కించే పనే ఉండదు. మనవారు ఒక ఊరినుండి మరొక ఊరికి కారులో తిరుగుతారు గనుక, వెంట వచ్చే బండి అయితేనే ప్రతిచోటా ఉపయోగం.

'కారులో పడుతుంది' అంటే ఏమిటి?

అద్దెకిచ్చేవారు అందరూ "మీ కారులో పడుతుందండీ" అనే అంటారు. ఈ మాటను నమ్మడానికి ముందు మూడు సంగతులు చూసుకోవాలి.

మొదటిది, విడదీసే రకమా, మడిచే రకమా? విడదీసే బండి నాలుగైదు ముక్కలవుతుంది. కుర్చీ, బ్యాటరీ పెట్టె, ముందు భాగం, మోటారు ఉన్న వెనుక భాగం. మొత్తం బరువు నలభై, యాభై కిలోలున్నా అన్నిటికన్న బరువైన ముక్క సుమారు పదమూడు నుండి పద్దెనిమిది కిలోలు ఉంటుంది. మడిచే రకం లిథియం బ్యాటరీతో వచ్చి, మొత్తం ఇరవై నుండి ముప్పై కిలోలే ఉంటుంది. వినడానికి ఇదే మేలనిపిస్తుంది. కాని దానిని ఒకేసారి ఎత్తాలి. ఇరవై ఐదు కిలోల బియ్యం బస్తాను నేలమీదనుండి ఎత్తి డిక్కీ అంచు దాటించి లోపల పెట్టడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. అదీ రోజుకు ఆరేడు సార్లు. మొత్తం బరువు తక్కువగా ఉన్న బండి ఎత్తేవారికి సులభమని చెప్పలేము.

రెండవది, ఎత్తేది ఎవరు? ఈ ప్రశ్న చాలా ఇళ్లలో ఎవరూ అడగరు. కొడుకు సెలవు పెట్టినన్నాళ్లు అతడే ఎత్తుతాడు. తరువాత ఆఫీసుకు వెళ్లిపోతాడు. మధ్యాహ్నం అత్తమామలను పార్కుకు తీసుకువెళ్లేది కోడలు. అప్పటికే చంటిబిడ్డ, బిడ్డ కుర్చీ, పాలసీసాల సంచి ఆమె చేతిలో ఉంటాయి. ఆమె నడుము పట్టేస్తే ఇంటిల్లిపాదీ ఇబ్బంది పడతారు. కనుక అద్దె దుకాణానికి వెళ్లినప్పుడు, రోజూ ఎత్తబోయేవారే స్వయంగా ఆ బరువైన ముక్కను ఎత్తి చూడాలి. విడదీయడం, మళ్లీ బిగించడం దుకాణంలోనే రెండుసార్లు వారి చేతనే చేయించాలి. దుకాణంవాడు చేసి చూపితే చాలదు.

మూడవది, డిక్కీ కొలత. ఏడుగురు కూర్చునే పెద్ద వ్యానులలో మూడవ వరుస సీటు ఎత్తి ఉంచితే వెనుక మిగిలే చోటు తక్కువ. అమ్మ, నాన్న, కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు కూర్చున్న తరువాత బండి ఎక్కడ పెడతారు? రాత్రి బస ఉంటే సూట్‌కేసులు కూడా ఉంటాయి. అందుచేత అందరూ కూర్చోగా మిగిలే చోటును టేపుతో పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి, డిక్కీ తలుపు తెరుచుకొనే నోటి వెడల్పును కూడా కొలిచి, ఆ అంకెలు కాగితం మీద వ్రాసుకొని దుకాణానికి వెళ్లాలి. లోపల చోటు ఉండి నోరు ఇరుకైన కార్లు అనేకం ఉన్నాయి. బండిని పెట్టేటప్పుడు బరువైన ముక్కలు అడుగున, సీటు వెన్నుకు ఆనించి పెట్టాలి. పట్టీతో కట్టాలి. గట్టిగా బ్రేకు వేసినప్పుడు పదిహేను కిలోల ఇనుము ముందుకు దూసుకువస్తే వెనుక కూర్చున్న పిల్లలకు ప్రమాదం.

అద్దెకు తీసుకొనే ముందు అడగవలసినవి

1. ఎంత బరువు మోస్తుంది? కారులో పట్టే చిన్న బండ్లు చాలావరకు నూట పదిహేను నుండి నూట ముప్పై ఆరు కిలోల వరకు మోస్తాయి. మనిషి బరువుకు చేతిసంచి బరువు కూడా కలిపి చూడాలి.

2. ఒకసారి ఛార్జి చేస్తే ఎంత దూరం? వారు పన్నెండు, పదిహేను కిలోమీటర్లని చెబుతారు. ఎత్తుపల్లాలు, బరువు, పాతబడిన బ్యాటరీ కారణంగా మూడింట రెండు వంతులే వస్తుందని అనుకొని బయలుదేరాలి. పూర్తిగా ఛార్జి కావడానికి ఆరు నుండి ఎనిమిది గంటలు పట్టవచ్చు. కనుక ప్రతి రాత్రీ ఛార్జి పెట్టడం అలవాటు చేసుకోవాలి.

3. మూడు చక్రాలా, నాలుగా? మూడు చక్రాలది ఇరుకు చోట త్వరగా తిరుగుతుంది, కాళ్లకు చోటు ఎక్కువ. నాలుగు చక్రాలది స్థిరంగా ఉంటుంది. మొదటిసారి నడిపే పెద్దవారికి నాలుగు చక్రాలదే మేలు.

4. చేతి ఆనికలు పైకి లేస్తాయా, కుర్చీ ప్రక్కకు తిరుగుతుందా? మోకాళ్ల నొప్పులున్నవారికి దిగడంలో ఈ రెండే ఎంతో సహాయం.

5. దారిలో ఆగిపోతే ఎవరికి ఫోను చేయాలి? మరొక బండి తెచ్చి ఇస్తారా? ఊరు దాటి, రాష్ట్రం దాటి తీసుకువెళ్లవచ్చునా?

6. అడ్వాన్సు ఎంత? ఏ నష్టానికి ఎంత పట్టుకుంటారు? దొంగిలింపబడితే ఎవరిది బాధ్యత? ఈ జవాబులు నోటిమాటగా కాక కాగితం మీద ఉండాలి. బండి తీసుకున్నప్పుడే గీతలు, పగుళ్లు ఉన్నచోట ఫోటో తీసి ఉంచుకుంటే తిరిగి ఇచ్చేటప్పుడు వాదన ఉండదు.

ఇంగ్లండులో ఉన్న మన పాఠకుల పిల్లలకు మరొక మాట. అక్కడ ఈ బండ్లు రెండు తరగతులు. గంటకు నాలుగు మైళ్లకు మించనివి కాలిబాట మీద నడిచేవి. ఎనిమిది మైళ్ల వరకు పోగలవి రోడ్డు మీద కూడా నడపదగినవి, వాటిని ప్రభుత్వ కార్యాలయంలో నమోదు చేయాలి. కారులో పట్టే చిన్న బండ్లు సామాన్యంగా మొదటి తరగతివి.

కూర్చున్న తరువాత జాగ్రత్తలు

మొదటి దినమే జనంలోకి తీసుకువెళ్లరాదు. ఇంటి ముందు కారు నిలిపే చోట అరగంట తిప్పించాలి. హ్యాండిల్ మీద వేగం తగ్గించే గుండ్రని మీట ఉంటుంది. అనేక బండ్లమీద దానికి ఒకవైపు తాబేలు బొమ్మ, మరొకవైపు కుందేలు బొమ్మ ఉంటాయి. మొదటి వారమంతా తాబేలు దగ్గరే ఉంచాలి.

మన స్త్రీలకు ప్రత్యేకంగా చెప్పవలసినది చీర సంగతి. కొంగు గాలికి ఎగిరి వెనుక చక్రంలో చుట్టుకుంటే మెడ దగ్గర బిగుసుకొనే ప్రమాదం ఉన్నది. కొంగును ముందుకు తెచ్చి నడుములో దోపి పిన్ను పెట్టుకోవాలి. చీర కుచ్చిళ్లు పాదాల పలక దాటి జారకుండా చూడాలి. చున్నీ, శాలువ, చలికోటు నాడాలు కూడా అంతే.

ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు తాళంచెవి త్రిప్పి మోటారు ఆపి ఉండాలి. లేచేటప్పుడు హ్యాండిల్‌ను ఊతగా పట్టుకుంటారు, వేలు ఆ మీటకు తగులుతుంది, బండి కదులుతుంది, మనిషి పడిపోతాడు. ఇలా పడిపోకుండా జాగ్రత్తపడాలి.

బండిని చేతితో తోయడానికి వీలుగా మోటారును విడదీసే మీట ఒకటి వెనుక ఉంటుంది. అది విడదీసి ఉన్నప్పుడు బ్రేకు పట్టదు. ఆ స్థితిలో ఏటవాలు చోట మనిషిని కూర్చోబెట్టకూడదు. ఇంటిలోని అందరికీ, ముఖ్యంగా బండితో ఆడుకోవాలనుకొనే మనుమలకు, ఈ సంగతి ముందే చెప్పాలి. తాతగారి ఒడిలో మనుమడిని కూర్చోబెట్టుకొని నడపడం చూడముచ్చటగా ఉన్నా, బరువు ముందుకు వాలుతుంది, మీట మీద చిన్న చెయ్యి పడుతుంది. వద్దు.

ఈ చిన్న బండ్లకు నేలకూ అడుగు భాగానికీ మధ్య ఎడం చాలా తక్కువ, నాలుగైదు సెంటీమీటర్లే ఉంటుంది. కనుక కాలిబాట అంచు ఎక్కించే ప్రయత్నం చేయరాదు, ఏటవాలుగా చెక్కిన చోటుకే వెళ్లాలి. పల్లాన్ని అడ్డంగా దాటితే ప్రక్కకు ఒరుగుతుంది, నేరుగా ఎక్కి నేరుగా దిగాలి. బరువు సంచులను హ్యాండిల్‌కు తగిలించరాదు. కారు దగ్గర వికలాంగుల స్థలంలో నిలపడానికి డాక్టరు ధ్రువీకరణతో అక్కడి రాష్ట్ర ప్రభుత్వం కార్డు ఇస్తుంది. ఆ కార్డు మనిషికి చెందినది, కారుకు కాదు. నాన్నగారు ఇంట్లో ఉండగా కొడుకు దానిని వాడుకోవడం చట్టానికీ మనస్సాక్షికీ విరుద్ధం.

విమానంలో అయితే

కొందరు మధ్యలో విమానమెక్కి మరొక ఊరు వెళ్తారు. కొందరు అటువంటి బండిని కొని మన ఊరికి తెచ్చుకుంటారు. అమెరికాకు వచ్చిపోయే విమానాలు నడవలేనివారి పరికరాలకు ఛార్జీ తీసుకోరాదు. 1986లో చేసిన చట్టం దీనికి ఆధారం. చిక్కు ఉన్నదల్లా బ్యాటరీతోనే. విడిగా తీయగలిగే లిథియం బ్యాటరీ ఒకటే అయితే 300 వాట్-అవర్లకు, రెండు ఉంటే ఒక్కొక్కటి 160 వాట్-అవర్లకు మించకూడదు. దానిని తీసి, మనతో పాటు విమానం లోపలికి తీసుకువెళ్లాలి. లెక్క చాలా తేలిక. బ్యాటరీ మీద వ్రాసిన వోల్టులను ఆంపియర్-అవర్లతో గుణించాలి. 24 వోల్టులు, 12 ఆంపియర్-అవర్లు అయితే 288, అంటే సరిపోతుంది. 24 వోల్టులు, 20 ఆంపియర్-అవర్లయితే 480, అంటే ఒప్పుకోరు. ఏదైనా టికెట్టు కొన్న వెంటనే విమాన సంస్థకు తెలియజేసి, అనుమతి కాగితం మీద తీసుకోవాలి. కొని తెచ్చుకొనేవారు ఛార్జరు మీద 100 నుండి 240 వోల్టులని వ్రాసి ఉన్నదో లేదో కూడా చూడాలి. అక్కడి కరెంటు 120 వోల్టులు, మన కరెంటు 230.

మన ఊళ్లలో

హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాలలో ఆసుపత్రుల పరిసరాలలోని సర్జికల్ దుకాణాలు చక్రాల కుర్చీలు, మంచాలు, వాకర్లు అద్దెకు ఇస్తాయి. బ్యాటరీ స్కూటర్లు అంత తేలికగా దొరకవు. దొరికినా మన కాలిబాటల ఎత్తు, గుంతలు, స్పీడ్ బ్రేకర్లు ఆ చిన్న చక్రాలకు తగవు. పెద్ద ఆవరణలు, చదునైన నేల ఉన్న అపార్టుమెంట్లు, మాల్‌లలోనైతే ఉపయోగపడతాయి. మిగిలినచోట మడిచే చక్రాల కుర్చీయే మన దారులకు సరియైనది. దానికీ డిక్కీ కొలుచుకోవలసిందే. సి.ఎన్.జి. సిలిండరు బిగించిన కారు డిక్కీలో కుర్చీ పట్టదని బయలుదేరే ఉదయం తెలుసుకొని లాభం లేదు.

అరవై ఏళ్లు దాటిన పేద వృద్ధులకు చేతికర్రలు, వాకర్లు, చక్రాల కుర్చీలు, వినికిడి యంత్రాలు, కళ్లజోళ్లు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజనను కేంద్ర ప్రభుత్వం 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరు జిల్లాలోనే ప్రారంభించింది. అర్హత కలిగినవారు మీ చుట్టుప్రక్కల ఉంటే వారికి ఈ సంగతి చెప్పి, దరఖాస్తు నింపడంలో సహాయం చేయండి.

బండి ఉన్నంతమాత్రాన సరిపోదు, లోపలికి దారి ఉండాలి. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం ప్రజలు వచ్చే కట్టడాలకు అందరూ చేరగల దారి ఉండాలంటుంది. కల్యాణ మండపాలు, సంఘ మందిరాలు, పాఠశాలలు కట్టేవారు ఒక లెక్క గుర్తుంచుకోవాలి. ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఏటవాలు కావాలి. మూడు మెట్లు కలిపి 45 సెంటీమీటర్ల ఎత్తు ఉంటే 5.4 మీటర్ల పొడవు పోయాలి. చోటు లేదని రెండు మీటర్లకే సిమెంటు పోసి ముగిస్తే, తోసేవారికీ కూర్చున్నవారికీ అది ప్రమాదమే.

మనసు సంగతి

ఇంతవరకు చెప్పినవన్నీ బరువులు, కొలతలు. వీటన్నిటికన్న కష్టమైనది నాన్నగారిని ఒప్పించడం. "నాకేం, నేను నడవగలను" అంటారు. ముప్పై ఏళ్లు సైకిలు మీద బడికి వెళ్లి పాఠాలు చెప్పిన మనిషికి, పది మంది ముందు బండిలో కూర్చోవడమంటే తన పని అయిపోయిందని చాటించుకున్నట్టుంటుంది. అమ్మగారి సంగతి వేరు. అద్దె ఎంతని అడిగి, డాలర్లను రూపాయలలోకి మార్చి, "ఆ డబ్బుతో మన ఊళ్లో నెలరోజులు ఇల్లు గడుస్తుంది, నేను కారులో కూర్చుంటాను, మీరు వెళ్లి రండి" అంటుంది. ఆ మాటలో ప్రేమ ఉన్నది. పిల్లలు ఆ మాటను అలాగే తీసుకొని వెళ్లిపోతే, ఆమె అద్దాలు ఎత్తిన కారులో రెండు గంటలు ఒంటరిగా కూర్చుంటుంది.

అందుచేత మేము చెప్పేది ఇది. ముందే బండి తెచ్చి గుమ్మంలో పెట్టి ఆశ్చర్యపరచాలని చూడకండి. వారినే దుకాణానికి తీసుకువెళ్లి, నచ్చిన దానిలో కూర్చోనివ్వండి. "మీరు నడవలేరు గనుక" అనవద్దు. "మీరు మాతో సాయంత్రం వరకు ఉండాలి గనుక" అనండి. ధర వారు అడిగితే అబద్ధం చెప్పవద్దు. "మీ విమానం టికెట్టు ఖర్చులో ఇది కొద్ది భాగం. ఇది లేకపోతే ఆ టికెట్టు ఖర్చంతా దండుగే" అని చెప్పండి. అది నిజం కూడా. అప్పటికీ వద్దంటే ఒక్కరోజుకు తీసుకొని చూద్దామనండి. ఒక్కరోజు అద్దెతో పోయేదేమీ లేదు.

బండి వచ్చిన తరువాత పిల్లలు మరచిపోయే సంగతి ఒకటున్నది. నాన్నగారు బండిలో ఉన్నారు గదా అని అందరూ ముందుకు వెళ్లిపోతారు. కూర్చున్న మనిషి కన్నులు నిలబడినవారి నడుము ఎత్తులో ఉంటాయి. జనంలో ఆయనకు వీపులు తప్ప ఏమీ కనబడవు, ఆయన మాట ఎవరికీ వినబడదు. కనుక ఒకరు ఎప్పుడూ ప్రక్కన నడవాలి. మాట్లాడేటప్పుడు వంగి ముఖం చూచి మాట్లాడాలి. దుకాణంలో ఎవరైనా ఆయనను వదలి "వీరికి ఏమి కావాలి?" అని మనలను అడిగితే, "ఆయననే అడగండి" అనాలి.

మరొక వైపు కూడా చూడాలి. బండి ఉన్నదని ఉన్న నడకను మానుకోకూడదు. ఇంటిలోపల, తోటలో, డాక్టరు చెప్పినంతవరకు ప్రతి దినం నడవాలి. దూరాలకు బండి, దగ్గరకు కాళ్లు అన్నది మంచి నియమం. నెలరోజులు కాళ్లు కదపకపోతే తిరిగి ఇంటికి వచ్చిన తరువాత మెట్లు ఎక్కడం ఇంకా కష్టమవుతుంది.

ఈ వేసవిలో ప్రయాణం పెట్టుకున్న పాఠకులు ఈ పుటను చించి పిల్లలకు పంపండి. టికెట్లు కొన్న రోజునే కారు డిక్కీ కొలిచి ఉంచమని వ్రాయండి. తాతగారు, అమ్మమ్మగారు కూడా ఉన్న ఫోటోలను మీరు తిరిగి వచ్చిన తరువాత మాకు చూపిస్తే మేమూ సంతోషిస్తాము.